ఒక గండి కోటైంది, ఒక గండి చెరువైంది

(కంభంలో విద్యార్థులు, ఉద్యోగులు, రైతులు కలిసి జరుపుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభ పెట్టినవాళ్లు మాకిచ్చిన అంశం చిన్నది. సెలవు రోజున ఒక పాత కోట చూసి రావాలంటే ఎట్లా పోవాలి, ఏం చూడాలి అని. ఉద్యమ సభలో విహారయాత్ర ముచ్చట ఏందని కొందరికి అనిపించొచ్చు. నీళ్ల గురించి, నియామకాల గురించి మాట్లాడాల్సిన చోట బురుజులు, బందెలదొడ్లు ఎందుకని అడగొచ్చు. అడగండి. కోట గురించి మాట్లాడితే చివరికి నీళ్ల దగ్గరికే వస్తాం. మేం మాటలతో ఆ దారి మలపక్కర్లేదు, ఆ కోటే మలుపుతుంది.

మేం అంటే ఎవరం? ఇక్కడ బళ్లలో పాఠాలు చెప్పేవాళ్లం, ఆఫీసుల్లో ఫైళ్లు మోసేవాళ్లం, కొలువు కోసం చదువుతున్నవాళ్లం. ఏడాదికి ఒకటి రెండుసార్లు తలా ఇంత వేసుకుని, ఒక బండి మాట్లాడుకుని, సద్దులు కట్టుకుని పోతుంటాం. మన పిల్లలు గోల్కొండ గురించి చెబుతారు, తాజ్‌మహల్ గురించి చెబుతారు. గండికోట ఎక్కడుందంటే సినిమాలో చూశామంటారు. పోరుమామిళ్ల శాసనం అంటే మొహమొహాలు చూసుకుంటారు. తప్పు పిల్లలది కాదు. పాఠాల్లో మన నేల గురించి రాసింది తక్కువ. రాయని పాఠాన్ని కాళ్లతో చదువుకుందామని మేం బయల్దేరాం.

ఈ రోజు చెప్పబోయేది గండికోట యాత్ర.

కంభం నుంచి గండికోటకు నూటయాభై కిలోమీటర్ల పైమాటే. మబ్బున నాలుగింటికి బయల్దేరితే తప్ప ఒక్క రోజులో పోయి రావడం కుదరదు. గిద్దలూరు దాటి, కలసపాడు మీదుగా పోరుమామిళ్ల, అక్కడ నుంచి మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు. ఈ దారి పొడవునా ఒక పక్క నల్లమల, ఇంకో పక్క వెలిగొండ వరసలు కనబడతాయి. మన గిద్దలూరు వైపు నుంచి దిగే సగిలేరు ఇదే దిక్కున పారి పెన్నలో కలుస్తుంది. బండి కిటికీలోంచి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. జిల్లాల నడుమ మ్యాపు మీద గీత ఉంది గానీ నేల మీద లేదు. అదే ఎర్రమట్టి, అవే నాపరాళ్లు, అదే కంది చేను, అదే యాస.

ఆ గీత వయసు కూడా చెప్పుకోవాలి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి ధారపోశాడు. దత్తమండలాలు అన్నారు. 1808లో వాటిని బళ్లారి, కడప అని రెండు జిల్లాలు చేసినప్పుడు కంభం కడపలోకి వచ్చింది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడితే అందులో కలిపారు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా చేసి మనల్ని అటు పంపారు. 1972లో దానికి ప్రకాశం అని పేరొచ్చింది. అంటే యాభై ఏళ్లపాటు గండికోట, కంభం ఒకే జిల్లా. మన ముత్తాతల ముత్తాతలకు గండికోట పొరుగు జిల్లా కూడా కాదు, సొంత జిల్లా. ఈ మాట పిల్లలకు బండిలోనే చెప్పండి. అప్పుడు వాళ్లు ఎక్కడికో పోతున్నట్టు కాదు, చుట్టాలింటికి పోతున్నట్టు కూర్చుంటారు.

పోరుమామిళ్ల దగ్గర బండి ఆపాలి

చాలామంది తిన్నగా కోటకే పోవాలంటారు. మేం మాత్రం పోరుమామిళ్ల చెరువు కట్ట మీద ఒక గంట ఆగుతాం. కట్ట మీద భైరవుడి గుడి దగ్గర ఒక శాసనం ఉంది. 1369 నాటిది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని కూడా అంటారు, ఈ చెరువు కట్టించి వేయించాడు. సంస్కృతంలో ఉంటుంది.

రాజుల శాసనాలంటే పొగడ్తలే ఉంటాయని మనం అనుకుంటాం. ఇందులోనూ పొగడ్తలున్నాయి. కానీ అసలు సరుకు వేరే. చెరువు కట్టాలంటే ఏమేం కావాలో పన్నెండు అంగాలుగా లెక్కపెట్టారు. ధర్మం తెలిసి, డబ్బుండి, పేరు కోరుకునే రాజు కావాలి. నీళ్ల శాస్త్రం తెలిసిన పండితుడు కావాలి. గట్టి మన్ను, తియ్యని నీళ్ల ఏరు, పక్కనే కొండ, ఆ కొండ చేతుల మధ్య ఇరుకైన చోట రాతి కట్ట, లోతూ వెడల్పూ ఉన్న కడుపు, నిలువు రాళ్లు దొరికే గని, కింద చదునైన సారవంతమైన పొలం, చివరికి పని తెలిసిన కూలీల గుంపు. ఈ కాలపు ఇంజనీరు రాసే నివేదికకు ఇది తక్కువేం కాదు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని కూడా రాశారు. కట్టిన రాజు పేరే కాదు, మోసిన మనుషుల లెక్క కూడా రాతి మీద నిలిచింది.

అదే శాసనంలో చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు కూడా చెప్పారు. కట్ట ఊటపోయడం, చవుడు నేల, చెరువు నడుమ మిట్ట, నీళ్లు కొంచెం పొలం ఎక్కువ, పొలం కొంచెం నీళ్లు ఎక్కువ. ఇవి ఐదు. ఆరోది వినండి. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం దోషమన్నారు. ఈ వాక్యం అర్థం చెప్పినప్పుడల్లా మా బృందంలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడరు. శ్రీశైలం జలాశయం ముందు నిలబడ్డవాడికి ఆ మాట ఎంత బరువో తెలుసు. నీళ్లు ఎవరివి, ఎంత, ముందు ఎవరికి అనే పేచీ 1369లోనే మనవాళ్లకు తెలిసిన జబ్బు.

ఇంకొకటి చూడమని చెబుతాం. పోరుమామిళ్ల చెరువుకు పొడవాటి కట్ట ఒక్కటే లేదు. ప్రకృతి పెట్టిన కొండలున్నాయి. వాటి నడుమ సందులను మాత్రం మనిషి మూశాడు. పని తక్కువ, నీళ్లు ఎక్కువ. కొండ సందు అనే ఈ మాట గుర్తు పెట్టుకోండి. మనవైపు దాన్నే గండి అంటాం. ఈ రోజు ప్రసంగమంతా ఆ ఒక్క మాట చుట్టూనే.

కోటలో ఏం చూడాలి

ఇప్పుడు గండికోట. జమ్మలమడుగు దాటి కోటలో అడుగు పెట్టేసరికి పదకొండవుతుంది. ఎర్రమల కొండల్ని పెన్న నది కోసుకుంటూ పోయిన చోటు అది. నిట్టనిలువు ఎర్రరాతి గోడలు, అడుగున నది. రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టినట్టుంటాయి. నది తవ్విన ఆ గండి వల్లే దానికి గండికోట అని పేరు. ఒక పక్క ప్రహరీ కట్టే పనే లేదు, లోయే ప్రహరీ. మిగతా పక్కల ఎర్రరాతి గోడ, బురుజులు. నూటొక్క బురుజులని అక్కడివాళ్లు చెబుతారు.

అందరూ తిన్నగా లోయ అంచుకే పరిగెత్తుతారు. ఫొటోలు దిగుతారు, రీల్సు తీసుకుంటారు, గంటలో తిరుగు ప్రయాణం. అట్లా చూస్తే లోయ చూసినట్టు, కోట చూసినట్టు కాదు. మేం పిల్లలకు నాలుగే ప్రశ్నలిచ్చి లోపలికి తోలతాం. ఇక్కడున్నవాళ్లు ఏ నీళ్లు తాగారు? ఏం తిన్నారు? ఏ దేవుడికి మొక్కారు? ఈ ఖర్చంతా ఎవరు భరించారు?

మొదటి ప్రశ్నకు జవాబు లోయలో లేదు. అంత లోతు నుంచి నీళ్లు మోసి కోటను బతికించలేరు. పైన రాయలచెరువుంది, కత్తుల కోనేరుంది. యుద్ధం అయ్యాక కత్తులు కడిగారు కాబట్టి ఆ పేరని కథ. కథ సంగతి ఎట్లున్నా, కొండ మీద పడ్డ వాన చుక్కను పట్టి దాచిన పని అది. కోటకు ప్రాణం ఫిరంగిలో లేదు, ఆ చెరువులో ఉంది.

రెండో ప్రశ్నకు జవాబు ధాన్యాగారం. కమానుల పైకప్పుతో, మందపాటి గోడలతో, లోపల మాట్లాడితే గొంతు తిరిగొచ్చేంత పెద్ద గది. చాలామంది దాన్ని చూసి ఏదో రాజభవనం అనుకుంటారు. కాదు, గింజల కొట్టం. రాణివాసం ఎక్కడుందో వెతుక్కోవాలి గానీ గింజల కొట్టం మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. కట్టినవాళ్లకు ఏది ముఖ్యమో అర్థమవుతుంది.

మూడో ప్రశ్నకు జవాబు ఆ పక్కపక్కనే ఉంది. మాధవస్వామి గుడి, దాని ఎత్తైన గోపురం. రంగనాథస్వామి గుడి. జామియా మసీదు, దాని మినార్లు. మసీదు పక్కనే ధాన్యాగారం. విజయనగర రాజుల కింద పెమ్మసాని నాయకులు ఏలిన కాలం ఒక పొర. 1650 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాక వచ్చింది మరో పొర. ఆ తర్వాత కడప నవాబులు, హైదరలీ, టిప్పు, నిజాం, కంపెనీ. ఒకరి మీద ఒకరు యుద్ధం చేసినవాళ్లే. వాళ్ల రాళ్లు మాత్రం ఇప్పుడు ఒకే ఎండలో ఎండుతున్నాయి. గుళ్లలో మూలవిరాట్టు లేదు. పేర్లు చూసి కొట్లాడుకునే కాలంలో మన పిల్లలు ఒకసారి అక్కడ నిలబడి రావడం మంచిది.

మీర్ జుమ్లా కొలువును కళ్లారా చూసిన పరదేశి ఒకాయన ఉన్నాడు. టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు. 1652లో ముత్యాలు అమ్ముకోవడానికి గండికోటకు వచ్చాడు. మీర్ జుమ్లా కాలివేళ్ల నడుమ కొన్ని ఉత్తరాలు, చేతివేళ్ల నడుమ కొన్ని ఉత్తరాలు పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి జవాబులు రాయించేవాడని రాశాడు. అక్కడ ఫిరంగులు పోతపోసే పనికి ఒక ఫ్రెంచివాణ్ణి పెట్టుకున్నారనీ రాశాడు. ఆఫీసుల్లో పనిచేసే మావాళ్లకు ఈ కథ చెబితే పగలబడి నవ్వుతారు. పెండింగు ఫైళ్ల బాధ ఇప్పటిది కాదన్నమాట. ఇంకో సంగతి కూడా గమనించండి. ముత్యాలు, వజ్రాలు, ఫిరంగులు, పరదేశి పనివాళ్లు, ఇవన్నీ ఆ కొండ మీదికి వచ్చాయంటే ఇది మొదటి నుంచీ మూలన పడ్డ నేల కాదు. వెనకబడిన ప్రాంతం అనే మాట మనకు పుట్టుమచ్చలాగా అంటించారు. అది పుట్టుమచ్చ కాదు, తర్వాత పడిన మచ్చ.

నాలుగో ప్రశ్న దగ్గరే పిల్లలు ఆగిపోతారు. ఖర్చు ఎవరు భరించారు? కోటలో పొలం లేదు. కొట్టంలోని గింజ ఎక్కడిది? కింద ఊళ్లది. చెరువు కింద వరి పండించిన రైతుది, మెట్ట మీద జొన్న పండించిన రైతుది. పన్నుగా వచ్చిన గింజ కొండెక్కి కొట్టంలో కూర్చుంది. చెరువు నిండితేనే కొట్టం నిండింది, కొట్టం నిండితేనే కోట నిలిచింది.

ఆకలి ముందు ఎంత కోటైనా నిలవదు

దీనికి మన పక్కనే ఇంకో సాక్ష్యం ఉంది. ఉదయగిరి. 1513లో కృష్ణదేవరాయలు గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరిని ముట్టడించాడు. దాదాపు ఏడాదిన్నర పట్టింది. కొండలు పగలగొట్టి దారులు వేయించాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. 1514లో కోట చిక్కింది. 1515లో కొండవీడు చిక్కింది. ముట్టడి అంటే గోడలు ఎక్కడం ఒక్కటే కాదు. లోపలికి గింజ పోకుండా, నీళ్లు అందకుండా చేసి కూర్చోవడం. ఎన్ని బురుజులున్నాయన్నది కాదు లెక్క, కొట్టంలో ఎన్ని నెలల తిండి ఉందన్నది లెక్క.

ఆ యుద్ధాలు ముగిసి రాయలకూ గజపతికీ సంధి కుదిరింది. గజపతి ప్రతాపరుద్రుడు తన కూతుర్ని రాయలకిచ్చి పెళ్లి చేశాడు. ఆమె పేరు ఒక్కొక్క చోట ఒక్కో రకంగా వినబడుతుంది. మన కంభంలో మాత్రం వరదరాజమ్మ. భర్త ఆమెను దూరం పెట్టాడనీ, ఆమె కంభంలో ఉంటూ ఈ చెరువు కట్టించిందనీ మన పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. ఆ కథలో ఏది ఎంత నిజమో చరిత్రకారులు తేల్చుకుంటారు. 16వ శతాబ్దం మొదటి భాగంలో కట్టిన చెరువు మాత్రం ఇక్కడే, ఈ సభకు కూతవేటు దూరంలో ఉంది. భర్త కోటలు గెలిచాడు, భార్య చెరువు కట్టించిందని జనం గుర్తు పెట్టుకున్నారు. ఏది ఇప్పటికీ అన్నం పెడుతోందో మీరే చెప్పండి.

మన గండి

గండికోటలో గండిని చూసి వచ్చాక మన చెరువు కట్ట ఎక్కండి. ఇన్నేళ్లూ చూసిన కట్టే కొత్తగా కనబడుతుంది. నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ, దానితో కలిసే జంపలేరు, ఈ రెండూ కొండల నడుమ ఒక సందులోంచి తూర్పుకు తప్పించుకుపోయే చోటది. కట్టించినవాళ్లు ఆ సందును మూశారు. దాదాపు 57 అడుగుల ఎత్తు, 300 మీటర్ల పొడవు కట్ట. అంతే పని. దాని వెనక ఏడు కిలోమీటర్ల దాకా నీళ్లు. పోరుమామిళ్ల శాసనం చెప్పిన కొండ చేతుల మధ్య ఇరుకు చోటు ఇదే. శాసనం అక్కడుంది, దానికి బొమ్మ ఇక్కడుంది.

రెండు చోట్లా ప్రకృతి ఇచ్చింది ఒక్కటే, కొండ మధ్య గండి. పెన్న గండిని శత్రువును ఆపడానికి వాడుకున్నారు. గుండ్లకమ్మ గండిని నీళ్లు ఆపడానికి వాడుకున్నారు. శత్రువును ఆపిన గండి పక్కన ఇప్పుడు ఖాళీ గుళ్లున్నాయి, కూలిన గోడలున్నాయి. నీళ్లు ఆపిన గండి కింద ఐదు వందల ఏళ్లుగా వేల ఎకరాల మడి ఉంది. మేం కోటను తక్కువ చేయడం లేదు. కోటను చూసి ఆశ్చర్యపోయే కళ్లు చెరువును చూసి ఎందుకు ఆశ్చర్యపోవని అడుగుతున్నాం, అంతే.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగుపారుదల సంఘం కంభం చెరువును వారసత్వ కట్టడంగా గుర్తించింది. అదే ఏడాది పోరుమామిళ్ల చెరువును, కర్నూలు-కడప కాలువను కూడా గుర్తించింది. మూడూ ఈ నేలవే. ప్రపంచం చూసి మెచ్చుకున్నదాన్ని మనం ఏ కళ్లతో చూస్తున్నాం? వానలు పడని ఏళ్లలో అడుగు బీటలు వారుతుంది. పూడిక పేరుకుంటుంది. నీళ్లు తగ్గిన చోటల్లా సాగు లోపలికి జరుగుతుంది. కట్ట మీదికి పోతే ప్లాస్టిక్ సంచులు, పగిలిన సీసాలు. గండికోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. దాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని 1958 నాటి చట్టానికి 2010లో సవరణ చేశారు. చెరువు మీద కన్నేసి ఉంచాల్సిన పహరా ఎవరు? దాని కింద బువ్వ తినే మనమే.

మూడో గండి

ఇప్పుడు మన ప్రాంతంలో ఇంకో గండి పని నడుస్తోంది. అది మీ అందరికీ తెలిసిందే. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. దాని మూల సూత్రం కూడా పోరుమామిళ్ల రాతి మీద ఉన్నదే. వెలిగొండల్లో సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర మూడు గండ్లు ఉన్నాయి. ఆ మూడు సందులు మూస్తే కొండల మధ్య నల్లమల సాగర్ అనే జలాశయం. శ్రీశైలం నుంచి కృష్ణ వరద నీళ్లు దాదాపు 19 కిలోమీటర్ల సొరంగాల్లో వచ్చి అందులో పడాలి. 43.5 టీఎంసీలు, నాలుగు లక్షల ఎకరాల పైన సాగు, లక్షల మందికి తాగునీళ్లు అని కాగితం.

1996లో పునాదిరాయి పడింది. మొదటి సొరంగం 2021లో, రెండోది 2024 జనవరిలో తవ్వడం పూర్తయింది. 2024 మార్చిలో ప్రారంభోత్సవం కూడా జరిగింది. ఆ రోజుకు ముంపు ఊళ్ల పునరావాసం పూర్తి కాలేదు, పొలాలకు నీళ్లు రాలేదు. పోరుమామిళ్ల చెరువు రెండేళ్లలో కట్టారని శాసనం చెబుతోంది. వెయ్యి మందీ వంద బండ్లూ ఉన్న కాలం అది. సొరంగం తవ్వడం, కట్ట కట్టడం ఒకటి కాదని మాకూ తెలుసు. అయినా 1996లో పుట్టిన బిడ్డ ఈ రోజు ఈ సభలో ఉద్యోగ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉంది. కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్లకు ఎముకలు వంగిన పెద్దవాళ్లు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది చెప్పకపోతే ప్రసంగం సగమే అవుతుంది. గండి మూస్తే వెనక ఊళ్లు మునుగుతాయి. గండికోట దగ్గర్లోనే పెన్న మీద ఇప్పుడు 26.85 టీఎంసీల జలాశయం ఉంది. 2020లో దాన్ని నింపినప్పుడు తాళ్లప్రొద్దుటూరు జనం పరిహారం పూర్తిగా అందలేదని రోడ్డెక్కారు. వాళ్ల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. కోట చూడటానికి పోయినప్పుడు ఆ జలాశయం కూడా చూడండి. నీలంగా చాలా అందంగా ఉంటుంది. ఆ నీలం కింద వీధులున్నాయి, గడపలున్నాయి, రచ్చబండలున్నాయి. సుంకేసుల, గొట్టిపడియ ఊళ్లవాళ్లు మనవాళ్లు. నీళ్లు కావాలని మనం ఎంత గట్టిగా అడుగుతామో, వాళ్లకు ఇల్లూ పరిహారమూ ముందు ఇవ్వాలని అంతే గట్టిగా అడగాలి. రాజుల కాలంలో కూలీల లెక్కైనా రాశారు. మునిగినవాళ్ల లెక్క ఏ శాసనంలోనూ కనబడదు. మన కాలంలోనైనా అది రాయించాలి.

పోయేవాళ్లకు నాలుగు మాటలు

ఇక యాత్ర చేసేవాళ్లకు మా అనుభవంలోంచి కొన్ని సంగతులు.

కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. ఎండాకాలం ఆ ఎర్రరాయి పెనంలా కాలుతుంది. చెట్టు నీడ తక్కువ. మనిషికి మూడు లీటర్ల నీళ్లు కట్టుకోండి. సద్ది ఇంటి నుంచే తీసుకెళ్లండి. పులిహోర, పెరుగన్నం, జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ పచ్చడి రోజంతా చెడకుండా ఉంటాయి. తిన్న ఆకు, కాగితం మళ్లీ సంచిలోనే. కోట లోపల ఇప్పటికీ ఊరుంది, జనం కాపురం ఉంటున్నారు. వాళ్ల వాకిళ్లు మన ఫొటోల కోసం కాదు. మర్యాదగా పలకరించండి. అక్కడి ముసలివాళ్లతో కూర్చుంటే బోర్డుల మీద లేని కథలు చెబుతారు.

లోయ అంచున ఆటలొద్దు. జారితే పట్టుకోవడానికి గడ్డిపోచ కూడా ఉండదు. చిన్న పిల్లల చేయి వదలొద్దు. పొద్దు వాలకముందే అంచు నుంచి అందరినీ లెక్కపెట్టుకుని వెనక్కి తీసుకురండి.

గోడల మీద పేర్లు చెక్కొద్దు. ప్రేమ ఉంటే ఇంటికాడ చెప్పుకోండి, ధాన్యాగారం గోడ మీద కాదు. ఎన్నో పేర్లు చూశాం. ఆ గోడ మోసినవాడి పేరు ఒక్కటీ లేదు, చూసిపోయినవాడి పేర్లు మాత్రం వందలున్నాయి.

పంతుళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాం. పిల్లలతో నోటుపుస్తకం తెప్పించండి. ఇందాకటి నాలుగు ప్రశ్నలకు జవాబులు అక్కడే కూర్చోబెట్టి రాయించండి. తిరిగొచ్చిన వారంలోనే కంభం చెరువు కట్ట మీదికి తీసుకెళ్లి అవే ప్రశ్నలు మళ్లీ అడగండి. ఈ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ఎవరు తింటున్నారు? ఎవరు కట్టారు? ఎవరు కాపాడాలి? కోట మీద రాసిన కాగితం, చెరువు మీద రాసిన కాగితం పక్కపక్కన పెట్టి చదివించండి. పాఠ్యపుస్తకం మార్చే అధికారం మన చేతిలో లేదు. ఈ రెండు కాగితాలు రాయించే అధికారం ఉంది.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. మీలో ఇరిగేషన్‌లో, రెవెన్యూలో, పంచాయతీలో పనిచేసేవాళ్లు ఉన్నారు. చెరువు హద్దుల కొలతలు మీ బీరువాల్లోనే ఉన్నాయి. వాటిని జనం చదువుకునేలా ఊరి గోడ మీద రాయించడానికి ప్రయత్నించండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. అడిగేవాళ్లు అడగండి, ఇచ్చేవాళ్లు ఇవ్వండి.

మిత్రులారా,

మా హక్కు, మా నీళ్లు, మా నేల అని రోజూ అంటున్నాం. అనాలి. 1937లో శ్రీబాగ్ ఒప్పందం కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్లలో సీమకు ముందు వాటా అని రాసింది. ఆ కాగితాన్ని గుర్తు చేస్తూనే ఉండాలి. అయితే నేల మనదని చెప్పేవాడు ఆ నేలను చూసి ఉండాలి. పోరుమామిళ్ల రాయి చదవనివాడు, గండికోట కొట్టంలో నిలబడనివాడు, కంభం కట్ట మీద నడవనివాడు, సుంకేసుల గండి ఎక్కడో తెలియనివాడు హక్కు గురించి మాట్లాడితే అది అరువు మాటే అవుతుంది.

అందుకే వచ్చే సెలవుకు బండి మాట్లాడుకోండి. ఒక రోజు గండికోటకు. మరో రోజు సుంకేసుల గండికి. దూరం తక్కువ, సద్ది కూడా చిన్నదే చాలు. అక్కడ పని ఎంత దాకా వచ్చిందో కళ్లతో చూడండి. ముంపు ఊరి మనిషిని పరిహారం ఎంత అందిందని అడగండి. తేదీ వేసి రాసుకోండి. ఆ కాగితాలు పట్టుకుని అందరం కలిసి అధికారుల ముందుకు, ప్రజాప్రతినిధుల ముందుకు పోదాం. చూసినవాడి ప్రశ్నను ఎవరూ అంత సులువుగా తోసెయ్యలేరు.

సెలవు.